దుబాయ్, బ్యాంకాక్, కొలోన్, టోక్యో: మన జీడిపప్పు, తాండ్ర ఏ దేశం ఫుడ్ ఎగ్జిబిషన్‌కి సులువుగా చేరతాయి?

దసరా దాటిందంటే పలాస, కాశీబుగ్గ నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఈసారి దుబాయ్ షోలో స్టాల్ తీసుకుందామనుకుంటున్నాం. కొలోన్ ఇంకా పెద్దదంట కదా, ఏది మంచిది?" విజయనగరం వైపు తాండ్ర, పచ్చళ్లు, చిరుధాన్యాల పిండి చేసేవాళ్లూ ఇదే అడుగుతున్నారు. స్టాల్ రేటు ఎంత, టికెట్ ఎంత, హోటల్ ఎంత అని వరుసగా అడుగుతారు. మన పాకెట్టుని ఆ దేశం లోపలికి రానిస్తుందా అని మాత్రం పదిమందిలో ఒకరో ఇద్దరో అడుగుతారు. డబ్బు పోయేది అక్కడే. స్టాల్‌కి కట్టిన అడ్వాన్సు తిరిగి రాదు, శాంపిల్ పెట్టె విమానాశ్రయం గోడౌన్‌లో ఉండిపోతుంది, మనం ఖాళీ బల్ల వెనక విజిటింగ్ కార్డులు పట్టుకుని నిలబడతాం.

ఆ ఖాళీ బల్ల వెనక నేనూ నిలబడ్డాను. మొదటిసారి దుబాయ్ వెళ్లినప్పుడు మూడు అట్టపెట్టెలు పంపించాం. ఇన్‌వాయిస్‌లో "ఫుడ్ ఐటమ్స్, ఫ్రీ శాంపిల్, విలువ సున్నా" అని రాస్తే చాలని మా ఏజెంటు చెప్పాడు, నమ్మేశాం. విలువ లేని సరుకుని కస్టమ్స్ ఒప్పుకోదు. అమ్మకానికి కాకపోయినా సుంకం లెక్కకి ఒక విలువ వేయాలి, ఏ సరుకు ఎన్ని కిలోలో విడివిడిగా రాయాలి, సరుకు రకాన్ని గుర్తించే కస్టమ్స్ కోడ్ వేయాలి. అవన్నీ సరిచేసి పెట్టెలు బయటికి వచ్చేసరికి షో రెండు రోజులు అయిపోయింది. అప్పటి నుంచి ఎవరు అడిగినా నా మాట ఒకటే. షో ఎంత పెద్దదని చూసి ఎంచుకోవద్దు. మీ సరుకు ఏ గుమ్మం దాటగలదో చూసి ఎంచుకోండి.

## ముందు రెండు చీటీలు రాసుకోండి

విదేశీ షోలో మనమే విదేశీ ఎగ్జిబిటర్లం. మనం తీసుకెళ్లే ప్రతిదీ ఆ దేశానికి దిగుమతే. ఆ దిగుమతి రెండు రకాలు. ఒక కాగితం మీద రెండు చీటీలుగా విడగొట్టి రాసుకుంటే సగం అయోమయం తీరుతుంది.

మొదటి చీటీలో తిరిగొచ్చే సరుకు రాయాలి: డిస్‌ప్లే స్టాండు, టీవీ, చిన్న రోస్టింగ్ మెషీను, తూకం యంత్రం. వీటిని ఏటీఏ కార్నెట్ అనే పత్రం మీద సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లి వెనక్కి తేవచ్చు. మన దేశంలో ఆ పత్రం ఫిక్కీ (పరిశ్రమల సమాఖ్య) ఇస్తుంది, గరిష్ఠంగా ఏడాది పనిచేస్తుంది. యూఏఈ, థాయ్‌లాండ్, జర్మనీ, జపాన్ నాలుగూ దాన్ని ఒప్పుకుంటాయి.

రెండో చీటీలో తిరిగిరాని సరుకు రాయాలి: రుచి చూపించే పప్పు, పంచిపెట్టే పాకెట్లు, తాండ్ర ముక్కలు. తినేసే సరుకు కార్నెట్ మీద వెళ్లదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. "కార్నెట్ తీసుకున్నాం కదా, అన్నీ అందులోనే వేసేద్దాం" అంటారు. వెనక్కి తేలేనిదాన్ని తాత్కాలిక దిగుమతి అని ఎలా చూపిస్తాం? అది అసలు దిగుమతే, ఆహార శాఖ నిబంధనలు వర్తిస్తాయి, సుంకం కట్టాలి.

కాబట్టి ఏ షోనైనా ఈ ప్రశ్నలతో కొలవండి. మనిషికి వీసా ఎంత సులువు? తినే శాంపిల్‌కి ఎలాంటి అనుమతి కావాలి? ఆ దేశంలో దిగుమతిదారుగా సంతకం పెట్టేది ఎవరు? లేబుల్ ఏ భాషలో, ఏ వివరాలతో ఉండాలి? మిగిలిపోయిన సరుకు ఏమవుతుంది? ఇంకొకటి మన జిల్లాల ప్రశ్న: ఆ షో తేదీ మన సీజన్‌కి కుదురుతుందా?

మన వైపు కాగితాలు ఏ దేశానికైనా దాదాపు ఒకటే. విదేశీ వాణిజ్యం చూసే డీజీఎఫ్‌టీ ఇచ్చే ఐఈసీ అనే ఎగుమతి-దిగుమతి నంబరు (ఇప్పుడు పాన్ నంబరే ఐఈసీ, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు వివరాలు ఆన్‌లైన్‌లో సరిచూసి ధ్రువీకరించాలి), ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్సు, జీఎస్‌టీ, ఎగుమతి మండలి సభ్యత్వం. పచ్చి సరుకు అయి, ఆ దేశం అడిగితే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవన్న పత్రం) కావాలి. అది విశాఖలోని ప్లాంట్ క్వారంటైన్ ఆఫీసు ఇస్తుంది. ఎగుమతికి ఆంక్షలు లేని సరుకైతే నిజమైన వ్యాపార శాంపిళ్లకి మన విదేశీ వాణిజ్య విధానం పరిమితి పెట్టలేదు. అంటే మన గుమ్మం దాటడం కష్టం కాదు. కష్టమంతా అవతలి గుమ్మం దగ్గరే.

## ఒక్క చూపులో

| | దుబాయ్ (గల్ఫుడ్) | బ్యాంకాక్ (థాయ్‌ఫెక్స్) | కొలోన్ (అనుగా) | టోక్యో (ఫుడెక్స్) |
|---|---|---|---|---|
| ఎప్పుడు | ఏటా. 2026లో జనవరి 26–30 | ఏటా మే నెలాఖరు | బేసి సంవత్సరాల్లో అక్టోబరు | ఏటా మార్చి |
| వీసా | ఆన్‌లైన్‌లో, సులువు | 2024 జూలైలో వీసా లేకుండా ఇచ్చారు, ఇప్పటి నిబంధన చూసుకోవాలి | షెంజెన్, నెలల ముందు చూడాలి | జపాన్ నుంచి ఆహ్వానం కావాలి |
| శాంపిల్‌కి ఇబ్బంది | తక్కువ, కానీ నిషిద్ధ వస్తువుల దగ్గర కఠినం | మధ్యస్థం | పాలు, నెయ్యి, బూజు విషం దగ్గర కఠినం | రెసిపీ మొత్తం చెప్పాలి |
| ఎవరికి నప్పుతుంది | దాదాపు అందరికీ | కొత్త రుచులు, చిరుతిళ్లు | ల్యాబ్ రిపోర్టు ఉన్న యూనిట్లు | ఓపిక, పెట్టుబడి ఉన్నవాళ్లు |
| మన సీజన్‌తో | సంక్రాంతి అడ్డం | జీడి, మామిడి పని మధ్యలో | తుఫానుల కాలం | కొత్త పిక్క (పొట్టు తీయని జీడిగింజ) వచ్చే ముందు |

## దుబాయ్

మొదటిసారి వెళ్లేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. 30 రోజుల, 60 రోజుల విజిట్ వీసాలు ఎయిర్‌లైన్ ద్వారానో ట్రావెల్ ఏజెన్సీ ద్వారానో ఆన్‌లైన్‌లో వచ్చేస్తాయి. పాస్‌పోర్టుకి ఆరు నెలల గడువు ఉంటే చాలు, వేలిముద్రల కోసం హైదరాబాద్ పరిగెత్తక్కర్లేదు. సాధారణ సుంకం 5 శాతం, వ్యాట్ ఇంకో 5 శాతం. శాంపిళ్ల విలువ మీద అది పెద్ద భారం కాదు. రేపు ఆర్డరు వచ్చాక భారత్–యూఏఈ ఒప్పందం (2022 మే 1 నుంచి అమల్లో ఉంది) కింద ఆరిజిన్ సర్టిఫికెట్ (సరుకు మన దేశానిదేనన్న పత్రం) చూపిస్తే చాలా సరుకులకి సుంకం తగ్గుతుంది లేదా పూర్తిగా పోతుంది.

ఎమిరేట్‌లోకి వచ్చే ఆహారం మీద దుబాయ్ మునిసిపాలిటీ అజమాయిషీ ఉంటుంది. దుకాణంలో అమ్మే సరుకుకి అరబిక్ లేబుల్ తప్పనిసరి. షో శాంపిల్ మీద "అమ్మకానికి కాదు, ప్రదర్శనకి మాత్రమే" అని స్పష్టంగా ఉండాలి. తయారీ తేదీ, గడువు తేదీ పాకెట్టు మీదే అచ్చై ఉండాలి. తర్వాత అంటించిన స్టిక్కర్ మీద తేదీ వేస్తే అనుమానంగా చూస్తారు. మన చిన్న యూనిట్లలో తేదీ స్టిక్కర్లు అంటించే అలవాటు ఎక్కువ కాబట్టి ఇంక్‌జెట్ ప్రింటర్ ఉన్నవాళ్ల దగ్గర శాంపిల్ పాకెట్లు కొట్టించుకోండి.

ఇక ఒక హెచ్చరిక. గసగసాలు. యూఏఈలో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యం కిందే లెక్క. మసాలా పొడులు చేసేవాళ్లు, "కాస్త మన కూర వండి చూపిద్దాం" అనుకునేవాళ్లు చిన్న పొట్లం కూడా పెట్టెలో పెట్టకండి. ఇంట్లో అమ్మో అక్కో తెలియక సర్దిన మసాలా డబ్బా వల్ల జైలుదాకా వెళ్లే పరిస్థితి వస్తుంది. కొన్ని దగ్గు మందులు, నొప్పి మాత్రలూ అంతే. వేసుకునే మందులకి డాక్టరు చీటీ దగ్గర పెట్టుకోండి, కొడీన్, ట్రమడాల్ లాంటివి ఉంటే ముందే అనుమతి తీసుకోవాలి.

దుబాయ్‌తో మన చిక్కు తేదీ దగ్గర. షో ఇదివరకు ఫిబ్రవరిలో ఉండేది. 2026లో జనవరి నెలాఖరుకి జరిపి, వరల్డ్ ట్రేడ్ సెంటర్‌తో పాటు ఎక్స్‌పో సిటీలోనూ హాళ్లు పెట్టారు. ఆ తేదీలకి పెట్టెలు కదలాల్సిన వారమే సంక్రాంతి. భోగి నుంచి ముక్కనుమ దాకా ఇక్కడ ప్యాకింగ్‌కి మనుషులు దొరకరు, ఆఫీసులు సగం ఖాళీగా ఉంటాయి. కాబట్టి పెట్టెలు పండగకి ముందే విశాఖ దాటిపోవాలి. స్టాల్ ఏ హాల్లో, రెండు వేదికల్లో ఎక్కడ పడిందో కూడా పెట్టె మీద రాయండి. రెండు చోట్లకీ మధ్య దూరం బాగా ఉంది.

## బ్యాంకాక్

మనిషి వెళ్లడానికి ఇది సులువైన షో. భారతీయులకి 2024 జూలై నుంచి 60 రోజుల దాకా వీసా లేని ప్రవేశం ఇచ్చారు. పర్యటనకే కాదు, చిన్న వ్యాపార పనులకీ వర్తించేలా దాన్ని పెట్టారు. 2025 మే 1 నుంచి ప్రయాణానికి ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ఇలాంటి సడలింపులు ప్రభుత్వాలు మారుస్తూ ఉంటాయి కాబట్టి టికెట్ కొనే రోజే రాయబార కార్యాలయం సైట్ చూడండి.

సరుకు మాత్రం మనిషంత సులువుగా వెళ్లదు. థాయ్‌లాండ్‌లో ఆహారం దిగుమతి అక్కడి ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ శాఖ) చేతిలో ఉంటుంది. వ్యాపార దిగుమతికి లైసెన్సు కావాలి, షో శాంపిళ్లకి వేరే దారి ఉంది. ఆ దారి విడిగా మనకి తెరుచుకోదు, షో నిర్వాహకులు పెట్టిన ఫార్వర్డర్ (సరుకు రవాణా, కస్టమ్స్ పని చూసే సంస్థ) ద్వారా వెళ్లాలి.

జీడిపప్పు మూకుడులో వేసి ఉప్పో కారమో పట్టించినవాళ్లకి బ్యాంకాక్ మంచిది. ఎందుకంటే అక్కడికి వచ్చే కొనుగోలుదారులు ఆగ్నేయాసియా దుకాణాల కోసం చిరుతిళ్లే ఎక్కువ చూస్తారు. ఉత్త గుండు పప్పు పట్టుకెళ్తే వియత్నాం వాళ్లతో నేరుగా ధర పోటీలో పడతాం, ఎగుమతిలో వాళ్లే ముందున్నారు. ఒక ఇబ్బందేమిటంటే మే నెలాఖరుకి ఉద్దానంలో (పలాస చుట్టుపక్కల తోటల ప్రాంతం) పిక్క కొనుగోలు జోరు పూర్తిగా తగ్గదు, విజయనగరం జిల్లా భీమాళిలో తాండ్ర చాపలు ఇంకా ఎండలోనే ఉంటాయి. యజమాని పదిరోజులు లేకపోతే ఇంటి దగ్గర ఎవరు చూస్తారు? నాన్న, అన్నదమ్ములు ఉన్న ఉమ్మడి యూనిట్ అయితే వెళ్లండి. ఒంటిచేతి మీద నడిపేవాళ్లకి ఈ షో వద్దంటాను.

## కొలోన్, పారిస్

కొలోన్‌లో అనుగా బేసి సంవత్సరాల్లో, పారిస్‌లో సియాల్ సరి సంవత్సరాల్లో, రెండూ అక్టోబరులో జరుగుతాయి. నిబంధనలు యూరోపియన్ యూనియన్‌వి కాబట్టి రెంటికీ ఒకేసారి చెప్తున్నాను.

వీసా షెంజెన్, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. 2024 జూన్ నుంచి రుసుము 90 యూరోలు. 30,000 యూరోలకి తగ్గని వైద్య బీమా కావాలి. దాదాపు ఐదేళ్లలోపు (లెక్కకి 59 నెలలు) వేలిముద్రలు ఇవ్వనివాళ్లు స్వయంగా కేంద్రానికి వెళ్లాలి. వేసవిలో చదువులకి, టూర్లకి వెళ్లేవాళ్ల రద్దీతో స్లాట్లు దొరకవు. స్టాల్ ఖరారైన పత్రం చేతికి రాగానే స్లాట్ పట్టుకోండి.

వీసా కంటే పెద్ద గోడ సరుకుది. మూడు విషయాలు విడివిడిగా చెప్పాలి.

మొదటిది పాలు. యూరప్ బయటి నుంచి వచ్చే ప్రయాణికుల బ్యాగులో మాంసం, పాల పదార్థాలు నిషేధం. పాలంటే పెరుగు, జున్ను మాత్రమే అనుకోవద్దు. నెయ్యి వేసిన జీడిపప్పు పాకం, నెయ్యి రాసి వేయించిన పప్పు, మజ్జిగలో ఊరబెట్టిన చల్ల మిరపకాయలు, ఇవీ ఆ లెక్కలోకి రావచ్చు. "ఏటన్నా, మిరపకాయలో పాలేటి?" అని ఒక తమ్ముడు నన్ను నిలదీశాడు. మజ్జిగ పాలది కాదా మరి. యూరప్ షోకి నూనెలో చేసిన రకాలే సిద్ధం చేసుకోండి.

రెండోది అఫ్లాటాక్సిన్, బూజు వల్ల వచ్చే విషం. నేరుగా తినే జీడిపప్పుకి యూరప్ పరిమితి కిలోకి బీ1 రకం 2 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 4. జపాన్‌లో మొత్తం 10 దాకా ఒప్పుకుంటారు. అంటే టోక్యో గుమ్మం దాటిన పప్పు కొలోన్ గుమ్మంలో ఆగిపోవచ్చు. మన దగ్గర వానాకాలంలో పిక్క గోనెల్లో చెమ్మపడితే ఈ ఇబ్బంది వస్తుంది. మిరపకాయలు, వేరుశనగ, నువ్వులు లాంటి మన సరుకుల మీద వాళ్లు సరిహద్దులో అదనపు తనిఖీ పెట్టుకున్నారు. ప్రదర్శన శాంపిళ్లకి తక్కువ బరువులో మినహాయింపు ఉన్నా, స్టాల్ దగ్గరికి వచ్చే కొనుగోలుదారు మొదట అడిగేది ల్యాబ్ రిపోర్టే. అది లేకుండా కొలోన్ వెళ్లడం డబ్బు పారబోసుకోవడమే.

మూడోది లేబుల్. 14 రకాల అలర్జీ పదార్థాలు అక్షరాలు వేరుగా కనబడేలా రాయాలి. జీడిపప్పు అందులో ఉంది. ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. అంటే నువ్వుల నూనెతో పెట్టిన మన ఆవకాయలో రెండు అలర్జీలు. సల్ఫైట్లు కిలోకి 10 మిల్లీగ్రాములు దాటితే అదీ రాయాలి. తాండ్ర రంగు నిలబడటానికి, బెల్లం తెల్లబడటానికి మందు కలిపేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. మందు వేయని నల్లబెల్లం, ముదురు రంగు తాండ్ర యూరప్‌లో మనకి బలమని నా నమ్మకం. దాన్ని దాచుకోకుండా ముందు వరసలో పెట్టండి.

పచ్చి పండ్లు, కూరగాయలకి 2019 డిసెంబరు 14 నుంచి దాదాపు అన్నిటికీ ఫైటోశానిటరీ సర్టిఫికెట్ తప్పనిసరి. అరటి, అనాస, ఖర్జూరం, దురియన్, కొబ్బరి, ఈ ఐదింటికే మినహాయింపు. ఉద్దానం కొబ్బరికాయ స్టాల్ మీద పెట్టాలనుకునేవాళ్లకి మంచి కబురే. మామిడిపండు మాత్రం అలంకారానికి కూడా తీసుకెళ్లకండి.

దిగుమతి ప్రకటన ఈయూలో నెలకొన్న సంస్థ పేరు మీదే వేయాలి, దానికి ఈఓఆర్‌ఐ (ఈయూ కస్టమ్స్ నమోదు) నంబరు ఉండాలి. పలాస నుంచి మనం సంతకం పెడితే చెల్లదు.

సీజన్ సంగతి కూడా చెప్పాలి. అక్టోబరు మనకి తుఫానుల నెల. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, తోటలకి తోటలే పడిపోయాయి. అక్టోబరు షోకి శాంపిళ్లు ఆగస్టులోనే ప్యాక్ చేసి విశాఖ గోడౌన్‌కి చేర్చేయాలని నేను పట్టుబట్టేది అందుకే.

## టోక్యో

జపాన్ ఆహార పారిశుద్ధ్య చట్టం 1947 నాటిది. దాని ప్రకారం అమ్మకానికే కాదు, షోలో వచ్చినవాళ్లందరికీ రుచి చూపించడానికి తెచ్చే ఆహారానికీ క్వారంటైన్ స్టేషన్‌లో దిగుమతి నోటిఫికేషన్ వేయాలి. అందులో పదార్థాలన్నీ, కలిపిన సంకలితాలు, తయారీ విధానం దశలవారీగా ఉండాలి. "మా అమ్మమ్మ కొలతలు, బయటికి చెప్పం" అంటే పని జరగదు. అద్దాల పెట్టెలో చూపించడానికి మాత్రమే తెస్తే ఇబ్బంది తక్కువ. కానీ రుచి చూపించకుండా జీడిపప్పు అమ్ముడుపోతుందా?

ఒక పదార్థం గుర్తుపెట్టుకోండి: టీబీహెచ్‌క్యూ. నూనె ముక్కిపోకుండా కలిపే ఈ మందుని మన దేశంలో పరిమితిలో వాడొచ్చు, జపాన్‌లో అనుమతి లేదు. మీరు కలపకపోయినా, పప్పు వేయించడానికి కొన్న పామాయిల్ డబ్బాలో అది ఉండొచ్చు. నూనె సరఫరా చేసేవాళ్ల దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. పురుగుమందుల అవశేషాల విషయంలో, ప్రత్యేక పరిమితి పెట్టని ప్రతి మందుకీ 2006 నుంచి 0.01 పీపీఎం (కిలోకి 0.01 మిల్లీగ్రాము) అనే గీత ఉంది. చోళ్లు (రాగులు), సామలు పురుగుమందు లేకుండా పండించే ఏజెన్సీ రైతుల దగ్గర కొనేవాళ్లకి ఇది బలం. మార్కెట్ యార్డులో కలగలుపు సరుకు కొనేవాళ్లకి భయం.

టోక్యోలో ఒక్క షోతో ఆర్డరు వస్తుందని ఆశపెట్టుకోవద్దు. వాళ్లు మళ్లీ వస్తారా అని చూస్తారు. రెండు మూడేళ్లు వరసగా వెళ్లే స్తోమత ఉంటేనే మొదలుపెట్టండి.

అమెరికా గురించీ అడుగుతుంటారు. తయారీ యూనిట్‌ని అక్కడి ఎఫ్‌డీఏలో నమోదు చేయాలి, సరుకు చేరేముందు ప్రయర్ నోటీసు (ముందస్తు సమాచారం) వేయాలి, షో శాంపిల్‌కీ అది తప్పదు. వీసా ఇంటర్వ్యూ తేదీ చేతిలో లేకుండా స్టాల్‌కి ఒక్క రూపాయి కూడా కట్టకండి.

వీటన్నిటికీ ముందు, దేశంలోనే ఇండస్‌ఫుడ్ అని జనవరిలో గ్రేటర్ నోయిడాలో జరుగుతుంది. విదేశీ కొనుగోలుదారులే అక్కడికి వస్తారు. వీసా లేదు, కస్టమ్స్ లేదు, పెట్టెలు రైల్లో వేసుకుని వెళ్లొచ్చు. ఇంగ్లీషులో ధర చెప్పడం, గ్రేడు గురించి వాదించడం అలవాటు కాని కుర్రాళ్లని ముందు అక్కడికి పంపండి.

## పెట్టెలు ఎలా పంపాలి?

ఇక్కడ నాలుగు దారులున్నాయి. నాలుగూ చేసి చూశాను.

సూట్‌కేసులో. అందరికీ ఇష్టమైన దారి. కానీ ప్రయాణికుడికి ఇచ్చే మినహాయింపు సొంత వాడకానికే, వ్యాపార శాంపిల్‌కి కాదు. పది కిలోల ఒకేరకం పాకెట్లు, పక్కన బ్రోచర్లు కనబడితే ఆఫీసరు ఏమనుకుంటాడు? రెడ్ ఛానెల్‌లోకి వెళ్లి చెప్పాలి, ఇన్‌వాయిస్ చూపాలి. దుబాయ్‌కి రెండు మూడు కిలోలు ఇలా ప్రకటించి తీసుకెళ్లడం కుదురుతుంది. యూరప్, జపాన్‌కి ఈ దారి మీద ఆధారపడొద్దు. ఉద్దానం వాళ్లకి ఇంకో మాట: ఎండు కొబ్బరి లోపలి నూనె వల్ల దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది కాబట్టి విమాన సామానులో దాన్ని ఒప్పుకోరు. కురిడీలు ఇంట్లోనే వదిలేయండి.

కొరియర్‌లో. వేగంగా వెళ్తుంది. అవతల దిగుమతిదారు పేరు లేకపోతే ఆగిపోతుంది. "ఫలానా హాలు, ఫలానా స్టాల్" అని చిరునామా రాస్తే నిర్వాహకులు సంతకం పెట్టి తీసుకోరు. అక్కడ తెలిసిన కొనుగోలుదారు ఉండి, "నా పేరు మీద పంపించు" అంటే కొరియర్ మంచిదే.

షో ఫార్వర్డర్ ద్వారా. ప్రతి షోకీ నిర్వాహకులు ఒకరిద్దరు ఫార్వర్డర్లని పెడతారు. ఖర్చు ఎక్కువే, కిలో లెక్కన చూస్తే పప్పు ధరని మించిపోతుంది. కానీ దిగుమతిదారుగా సంతకం, ఆహార అనుమతి, స్టాల్ దాకా చేర్చడం, మిగిలిన సరుకు నాశనం చేయించడం అన్నీ వాళ్లే చూస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. అపెడా (వ్యవసాయ ఎగుమతులు చూసే ప్రభుత్వ సంస్థ) పెట్టే భారత్ పెవిలియన్‌లో స్టాల్ తీసుకుంటే చుట్టూ మనవాళ్లే ఉంటారు, పక్క జిల్లాల వాళ్లతో కలిసి ఒకే షిప్‌మెంట్‌లో పంపుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిస్తే ఖర్చు బాగా తగ్గుతుంది. ఎవరి సరుకు ఇన్‌వాయిస్ వాళ్లదే ఉండాలి, లేకపోతే ఒకరి గసగసాల పొట్లం అందరి పెట్టెల్నీ ఆపేస్తుంది.

అక్కడి దిగుమతిదారు దగ్గర. ఇప్పటికే ఆ దేశానికి ఒక్క కంటైనర్ పంపినవాళ్లకి ఇదే అన్నిటికంటే మంచిది. మన సరుకు అక్కడే, అక్కడి లేబుల్‌తో, సుంకం కట్టి ఉంటుంది. పది కిలోలు పక్కన పెట్టమంటే చాలు.

చెక్క పెట్టెలు వాడితే వాటి మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అంటే చెక్కని వేడిచేసి పురుగు లేకుండా చేశారన్న గుర్తు. మన టింబర్ డిపోలో కొట్టించిన పెట్టెకి ఆ ముద్ర ఉండదు. గట్టి అట్టపెట్టెలు వాడండి, ఏ ఇబ్బందీ ఉండదు.

## మీ సరుకు ఏది?

ఉత్త పప్పు చేసేవాళ్లు (డబ్ల్యూ 180, 240, 320 గుండు, బద్ద, ముక్క) దుబాయ్ వెళ్లండి. అక్కడ తూకం, గ్రేడు, ధర అని సూటిగా మాట్లాడతారు. డబ్ల్యూ 320 అంటే పౌండుకి 300 నుంచి 320 గింజలు. మన దగ్గర కంటితో వేసే గ్రేడుకి, అక్కడ తూకం వేసి లెక్కపెట్టే గ్రేడుకి తేడా వస్తే పరువు పోతుంది, శాంపిల్ ఇంట్లోనే లెక్కపెట్టుకుని వెళ్లండి. ల్యాబ్ రిపోర్టు వరసగా రెండు సీజన్లు బాగుంటే కొలోన్.

వేయించి, మసాలా పట్టించినవాళ్లు కోడ్ జాగ్రత్తగా వేయాలి. ఉత్త పప్పు 0801 32 కిందికి వస్తుంది, వేయించింది 2008 19 కిందికి పోతుంది. రెండూ ఒకే ఇన్‌వాయిస్‌లో ఒకే కోడ్ మీద రాస్తే పెట్టె ఆగుతుంది. వీళ్లకి బ్యాంకాక్ మొదట, దుబాయ్ తర్వాత.

భీమాళి తాండ్ర వాళ్లకి దుబాయ్. గల్ఫ్‌లో మనవాళ్లు, మలయాళీలు, ఉత్తరాదివాళ్లు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు, తాండ్ర అంటే ఏమిటో వివరించే పని తప్పుతుంది. తాటాకు చాప మీద ఎండబెట్టిన సరుకు కాబట్టి ఇసుక, ఈగ రాలేదని చూపించే ల్యాబ్ కాగితం దగ్గర పెట్టుకోండి. వల కప్పిన డ్రైయర్‌లో చేసిన ఒక బ్యాచ్‌ని షో కోసం విడిగా ఉంచడం ఇంకా మంచిది.

పచ్చళ్ల వాళ్లకి ఏ దేశమైనా మూత దగ్గరే ప్రాణం. నూనె కారిన ఒక్క సీసా చుట్టుపక్కల పెట్టెలన్నిటినీ పాడుచేస్తుంది. ఇండక్షన్ సీలు (మూత కింద వేడితో అంటించే రేకు) లేకుండా పంపకండి.

చోళ్లు, సామలు, కొర్రల పిండి వాళ్లు టోక్యో కంటే ముందు నోయిడా, తర్వాత కొలోన్ చూడాలి. రొయ్యలవాళ్ల దారి పూర్తిగా వేరు. జంతు సంబంధ సరుకు కాబట్టి ఆమోదం పొందిన ప్లాంటు, ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి, ఈ షోల కంటే బార్సిలోనాలో జరిగే సీఫుడ్ షో వాళ్లకి సరైన చోటు.

## వెనక్కి లెక్కపెట్టండి

స్టాల్‌కి డబ్బు కట్టే ముందు నిర్వాహకుల దగ్గర షిప్పింగ్ మాన్యువల్ అడిగి తెచ్చుకోండి. అందులో శాంపిళ్లు చేరాల్సిన చివరి తేదీ, ఇన్‌వాయిస్ నమూనా, నిషిద్ధ వస్తువుల జాబితా ఉంటాయి. మీ సరుకుల జాబితాని ఫార్వర్డర్‌కి మెయిల్ చేసి, ఏవి వెళ్తాయో ఏవి వెళ్లవో రాతలో తెప్పించుకోండి. ఆ జవాబు చూశాకే అడ్వాన్సు.

దుబాయ్ జనవరి షో అయితే ఆగస్టులో ల్యాబ్, లేబుల్ పని మొదలుపెట్టాలి. దీపావళికి ఫార్వర్డర్ జవాబు చేతిలో ఉండాలి. డిసెంబరు మూడో వారానికి పాకెట్లు సిద్ధమై, కొత్త సంవత్సరం మొదటి వారంలో పెట్టెలు విశాఖకి చేరాలి. కొలోన్ అయితే సంక్రాంతి తర్వాత ల్యాబ్, ఉగాదికి లేబుల్, జూన్‌లో వీసా స్లాట్, ఆగస్టు పదిహేను దాటకుండా పెట్టెలు బయలుదేరాలి.

ప్రతి పెట్టె నాలుగు వైపులా షో పేరు, హాలు, స్టాల్ నంబరు, "4లో 1", "4లో 2" అని పెద్ద అక్షరాలతో రాయండి. లోపల ఏ పాకెట్లు ఎన్ని ఉన్నాయో ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ల్యాబ్ రిపోర్టు, ఫార్వర్డర్ మెయిల్ మూడేసి కాపీలు మీ చేతిసంచిలోనే పెట్టుకోండి. అక్కడ దిగాక ఎవరైనా అడిగితే, పలాసకి ఫోన్ చేసి "తమ్ముడూ, ఆ కాగితం ఎక్కడ పెట్టావు" అని వెతికించే టైము ఉండదు.